ఇన్‌స్టలేషన్ల ప్రదర్శనను నిదానంగా చూడటం ఎలా?

వీడియోనూ వెలుగునూ శబ్దాన్నీ కలిపి గదినంతా కళాకృతిగా, అంటే ఇన్‌స్టలేషన్‌గా, మలిచినప్పుడు ప్రేక్షకుడు అందులోకి నడిచి వెళ్లవలసి వస్తుంది. ఒకే కళాకారుడు చేసిన అటువంటి గదులు వరుసగా ఉండే సోలో ఎగ్జిబిషన్‌కు, గోడల మీది చిత్రాలను చూసే తీరు అంతగా పనికిరాదు.

బయలుదేరే ముందు వీడియోల నిడివి ఎంతో తెలుసుకోండి. కళాకారుడు క్రిస్టియన్ మార్‌క్లే 2010లో రూపొందించిన ‘ది క్లాక్’ అనే వీడియో ఏకంగా 24 గంటలు నడుస్తుంది కాబట్టి, అరగంటలో అన్నీ చుట్టి రావచ్చుననే లెక్క చాలాసార్లు తప్పుతుంది. మూర్ఛ వ్యాధి ఉన్నవారు మిణుకుమిణుకుమనే కాంతుల గురించిన హెచ్చరికను తప్పక చదవాలి.

చీకటి గదిలో అడుగుపెట్టగానే గోడ పక్కన ఆగండి. చీకటికి కన్ను పూర్తిగా అలవాటుపడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అయితే మొదటి కొద్ది నిమిషాల్లోనే నేల, అంచులు, తోటి ప్రేక్షకులు లేత బూడిదరంగులో కనిపించడం మొదలవుతుంది. ఈలోగా ఫోన్ తెర వెలిగించారంటే ఆ ఓపికంతా వృథాయే, పక్కవారి ఓపికతో సహా.

తరువాత వెలుగు ఎక్కడి నుంచి వస్తున్నదో వెతకండి. అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చే పని ఇదేనని నా అభిప్రాయం. భారతీయ కళాకారిణి నళినీ మలానీ 2012లో జర్మనీలోని కాసెల్‌లో జరిగిన డాక్యుమెంటా ప్రదర్శనలో పెట్టిన ‘ఇన్ సెర్చ్ ఆఫ్ వానిష్డ్ బ్లడ్’లో, లోపలి వైపు బొమ్మలు గీసిన పారదర్శకమైన మైలార్ (పలుచని ప్లాస్టిక్ రేకు) గొట్టాలు పైనుంచి వేలాడుతూ నెమ్మదిగా తిరుగుతుంటాయి, ప్రొజెక్టర్ల కాంతి వాటి గుండా సాగి, గోడల మీది వీడియోలపై నీడలను నడిపిస్తుంది. గోడను మాత్రమే చూసేవారికి అది ఒక సినిమా. గొట్టాన్ని, దాని నీడను, ఆ రెండింటి మధ్య దూరాన్ని కలిపి చూసేవారికి ఆ బొమ్మ ఎలా పుడుతున్నదో కూడా తెలుస్తుంది.

ఇప్పుడు చోటు మార్చండి. మూలలో విన్న శబ్దం గది నడుమ మరోలా వినిపించవచ్చు. అనుమతి ఉన్నచోట కూర్చోండి, పడుకోండి కూడా: కళాకారుడు ఓలాఫర్ ఎలియాసన్ 2003లో లండన్‌లోని టేట్ మోడరన్ మ్యూజియంలో కృత్రిమ సూర్యుణ్ణి వెలిగించినప్పుడు, పైకప్పు అద్దాల్లో తమ ప్రతిబింబాలను వెతుక్కుంటూ ఎందరో నేల మీద వెల్లకిలా పడుకున్నారు.

వీడియో మధ్యలో వెళ్లినట్లయితే, మీరు మొదట చూసిన దృశ్యం తిరిగి వచ్చేవరకు ఉండండి. అయితే జపాన్ కళాకారిణి యాయోయి కుసామా 1965 నుంచి నిర్మిస్తూ వచ్చిన అద్దాల గదుల వంటివాటిలో ఒక్కొక్కసారి నిమిషం కూడా ఉండనివ్వరు. అక్కడ ఫొటో ఆలోచన మానుకుని, ఒక దీపాన్ని ఎంచుకుని దాని ప్రతిబింబాలు ఎంత దూరం వెళ్తున్నాయో చూడటం మేలు.

గోడ మీది వివరణను గది చూసిన తరువాతే చదివి, మరోసారి లోపలికి వెళ్లండి. చివరి గది అయ్యాక మొదటి గదికి తిరిగి రండి: మధ్యలో పదేపదే ఎదురైన రంగు, వస్తువు, శబ్దం అక్కడ ముందే ఉన్నాయేమో ఈసారి గమనించవచ్చు.