అజథయోప్రిన్ మొదలెడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

మీకో, ఇంట్లో వాళ్లకో అల్సరేటివ్ కొలైటిస్ అనో క్రోన్స్ అనో (రెండూ పేగుల్లో వాపు, పుళ్లు తెచ్చే జబ్బులే) తేలి, స్టిరాయిడ్ తగ్గిస్తూ గ్యాస్ట్రో డాక్టర్ అజథయోప్రిన్ రాశారా? ఒంట్లో రోగనిరోధక శక్తి దూకుడు తగ్గించే మందు ఇది, మంచిదే. కాకపోతే మింగిన మాత్ర మింగినట్టే పనిచేయదు, ఒంట్లో అది వేరే పదార్థాలుగా మారాకే పని మొదలవుతుంది, ఆ మారడం మనిషికీ మనిషికీ తేడా. అరవై కిలోలున్న ఇద్దరికి ఒకే డోసు ఇస్తే ఒకరికి చాలకపోవచ్చు, ఇంకొకరికి ఎముక మజ్జ దెబ్బతిని తెల్లరక్తకణాలు పడిపోవచ్చు.

అందుకే మొదటి మాత్రకు ముందే టీపీఎంటీ, ఎన్‌యూడీటీ15 పరీక్షల సంగతి డాక్టర్‌ని అడగండి (ఈ మందు ఒంట్లో మితిమీరకుండా చూసే రెండు ఎంజైమ్‌లు, వాటి జన్యువుల పేర్లివి). పాశ్చాత్య దేశాల పుస్తకాల్లో టీపీఎంటీ గురించే ఎక్కువ రాస్తారు గానీ మన దేశంలో ఎక్కువగా కనిపించేది ఎన్‌యూడీటీ15 లోపం. దీని సంగతి 2014లో కొరియా పరిశోధకులు బయటపెట్టారు. టీపీఎంటీ ఒక్కటే చేసి నార్మల్ అన్నారని ధీమాగా ఉండకండి. ఈమధ్యే రక్తం ఎక్కించి ఉంటే ఆ మాటా చెప్పాలి, ఎందుకంటే టీపీఎంటీ ఎంజైమ్ పరీక్ష ఎర్రకణాల్లో చేస్తారు, అప్పుడు కొలిచేది మీ రక్తాన్నో దాత రక్తాన్నో తెలియదు. జన్యు పరీక్షకైతే ఆ ఇబ్బంది పెద్దగా ఉండదు.

జన్యువులు రెండూ బాగున్నా సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) మానకూడదు. మొదటి నెల వారం వారం, తర్వాత రెండు నెలలు పదిహేను రోజులకోసారి, ఆపైన డాక్టర్ చెప్పినట్టు నెలకో మూడు నెలలకో. దాంతోపాటు ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పరీక్ష) కూడా. రిపోర్టులో స్టార్ గుర్తు లేదని పక్కన పడేయకుండా పాత రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూడండి, తెల్లకణాలు 7,000 నుంచి 5,500కి, అక్కడినుంచి 4,200కి జారుతుంటే నార్మల్ అని రాసున్నా ఫోన్ చేయాల్సిందే. మొదలెట్టిన కొద్ది వారాల్లోనే దువ్వెన నిండా జుట్టు వస్తోందంటే నీళ్లు మారాయని, షాంపూ పడలేదని సర్దుకోకండి, ఎన్‌యూడీటీ15 లోపం ఉన్నవాళ్లలో అది కణాలు పడిపోవడానికి ముందస్తు కబురు కావచ్చు. జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుళ్లు వస్తే ఇంట్లో ఉన్న జ్వరం మాత్ర వేసి రెండు రోజులు చూద్దాం అనుకోకండి, ఆరోజే సీబీపీ. మొదటి నెలలో పైకడుపులో నొప్పి పుట్టి వీపులోకి పొడుస్తుంటే పాంక్రియాస్ వాపు కావచ్చు, అదే అని తేలితే ఆ మందు మళ్లీ వాడరు.

ఇక మా ఇంట్లో జరిగింది. నాన్నకు ఏడాదిగా ఈ మాత్ర బాగా పడింది. ఓ రోజు కాలి బొటనవేలు వాచి అడుగు వేయలేకపోతే ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లారు. ఆయన యూరిక్ యాసిడ్ ఎక్కువైందని అల్లోప్యూరినాల్ రాశారు. వేరే ఏమైనా మందులు వాడుతున్నారా అని ఆయన అడగలేదు, కాలి వేలికీ కడుపుకీ ఏం సంబంధం అని నాన్న చెప్పలేదు. అదృష్టం బాగుండి మూడు నెలలకోసారి చేయించే సీబీపీ అప్పుడే వచ్చింది. ఎప్పుడూ ఆరు వేల చిల్లర ఉండే తెల్లకణాలు 2,100. ఆ సాయంత్రమే రెండు మాత్రలూ ఆపించారు. అల్లోప్యూరినాల్, ఫెబుక్సోస్టాట్ రెండూ అజథయోప్రిన్ విరిగిపోయే ఒక దారిని మూసేస్తాయి, దాంతో మామూలు డోసే అతి డోసు అవుతుంది. తమాషా ఏంటంటే అజథయోప్రిన్, అల్లోప్యూరినాల్ రెండూ గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ పరిశోధనల నుంచి వచ్చినవే, వాళ్లకు 1988లో నోబెల్ కూడా వచ్చింది. కొందరికి గ్యాస్ట్రో డాక్టర్లే కావాలని ఈ రెండూ కలిపి ఇస్తారు, అయితే అజథయోప్రిన్‌ని పావు నుంచి మూడో వంతుకు తగ్గించి. అది వాళ్ల పని, మనది కాదు.

రెండు మూడు నెలలైనా విరేచనాలు, రక్తం తగ్గకపోతే, లేదా లివర్ ఎంజైమ్‌లు పెరిగితే మెటబొలైట్ పరీక్ష (మందు ఒంట్లో ఏ పదార్థాలుగా ఎంతెంత మారిందో చూసేది) రాస్తారు. 6-టీజీఎన్ అనేది పనిచేసే పదార్థం, 80 కోట్ల ఎర్రకణాలకు 235 నుంచి 450 పికోమోల్స్ ఉంటే బాగున్నట్టు. 6-ఎంఎంపీ అనేది ఇంకో పదార్థం, అది 5,700 దాటితే లివర్‌కి ఇబ్బంది. రెండూ తక్కువగా ఉంటే డోసు చాలట్లేదు లేదా మాత్రలు సరిగా వేసుకోవట్లేదు (డాక్టర్ అడిగినప్పుడు అబద్ధం చెప్పకండి, రక్తం ఎలాగూ చెప్పేస్తుంది). మొదటిది తక్కువ, రెండోది ఎక్కువ అయితే ఒళ్లు మందుని తప్పు దారిలో మళ్లిస్తోందని, డోసు పెంచితే లివర్ పాడవడమే తప్ప లాభం లేదు. మొదటిది సరిపడా ఉండి కూడా జబ్బు తగ్గట్లేదంటే మందే మార్చాలి. డోసు మార్చాక నాలుగు వారాలు ఆగి పరీక్షిస్తేనే అర్థం ఉంటుంది, అదీ ఒకే ల్యాబ్‌లో, ల్యాబ్‌కో పద్ధతి ఉండి అంకెలు కలవవు. ఇంకో చిక్కు, ఎన్‌యూడీటీ15 లోపం ఉన్నవాళ్లలో టీజీఎన్ మామూలుగానే ఉండి కణాలు పడిపోవచ్చు, కాబట్టి ఇది సీబీపీకి బదులు కాదు.

చికెన్‌పాక్స్ లాంటి లైవ్ టీకాలు (బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసేవి) అవసరమైతే మందు మొదలెట్టకముందే అడిగి వేయించుకోండి. మధ్యాహ్నం ఎండలో తిరిగేవాళ్లు టోపీ, నిండు చేతుల చొక్కా వాడాలి, ఏళ్ల తరబడి వాడితే చర్మ క్యాన్సర్ ముప్పు కొంత పెరుగుతుంది. గర్భం వచ్చిందనో, ఒంట్లో బాగుందనో ఎవరికీ చెప్పకుండా మాత్ర ఆపకండి. నాన్న మాత్రం ఇప్పుడు పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లినా మాత్రల స్ట్రిప్ జేబులోంచి తీసి ముందు బల్ల మీద పెడతారు.