దుబాయ్ నుంచి ఇంటికి డబ్బు పంపేటప్పుడు రేటు ఎలా చూసుకోవాలి?

జీతం పడగానే డబ్బు పంపే ఎక్స్ఛేంజ్‌కి వెళ్లి, బోర్డు మీద రేటు ఎంత ఉంటే అంతకే పంపేసేవాళ్లు చాలామంది. జగిత్యాల నుంచో కడప నుంచో వెళ్లి, ఎండలో పనిచేసి సంపాదించిన డబ్బు అది. అందులో రెండు మూడు వందలు కూడా ఊరికే పోకూడదు. దానికి పది నిమిషాల లెక్క చాలు.

ముందు డాలర్ రేటు చూడండి. అక్కడి కరెన్సీ దిర్హమ్ తనంతట తాను పెరగదు, తగ్గదు. డాలర్‌కు 3.6725 దిర్హమ్‌లని యూఏఈ 1997లో ఖాయం చేసింది, ఇప్పటికీ అదే. సౌదీ రియాల్ కూడా ఇంతే, డాలర్‌కు 3.75. కువైట్ దినార్‌కు మాత్రం 2007 నుంచి ఒక్క డాలర్ కాకుండా కొన్ని కరెన్సీలు కలిపి లెక్క కడుతున్నారు. అంటే "దిర్హమ్ పెరిగింది" అని రూమ్‌లో ఎవరైనా అన్నారంటే, డాలర్ ముందు రూపాయి తగ్గిందన్నమాట. డాలర్ 90 రూపాయలు ఉందనుకోండి. 90ని 3.6725తో భాగిస్తే సుమారు 24.50 వస్తుంది. మార్కెట్లో అసలు రేటు అది. బోర్డు మీద అంతకన్నా ఎంత తక్కువ ఉంటే అంత వాళ్ల లాభం.

తర్వాత కౌంటర్‌లో ఒక్కటే అడగండి: "ఫీజు పోను ఇంటి అకౌంట్‌లో ఎన్ని రూపాయలు పడతాయి?" ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. ఒక చోట రేటు 24.30, ఫీజు 20 దిర్హమ్‌లు. ఇంకో చోట రేటు 24.15, ఫీజు లేదు. మీ చేతిలో 2,000 దిర్హమ్‌లు ఉన్నాయి. మొదటి చోట ఫీజు పోగా మిగిలిన 1,980కి 48,114 రూపాయలు వస్తాయి. రెండో చోట 48,300. రేటు తక్కువున్న చోటే లాభం! అదే 5,000 పంపితే లెక్క తిరగబడుతుంది: మొదటి చోట 1,21,014, రెండో చోట 1,20,750. ఈ రేట్లకైతే 3,240 దిర్హమ్‌ల దగ్గర రెండూ సమానం. అందుకే మొత్తం మారినప్పుడల్లా మళ్లీ లెక్క వేయాలి. పోయిన నెల మంచిదైన చోటు ఈ నెల కాకపోవచ్చు.

ఇంకా పెరుగుతుందేమోనని ఆగాలా? రూపాయి ఎందుకు తగ్గుతుందో తెలిస్తే ఈ టెన్షన్ కొంత తగ్గుతుంది. మన దేశం వాడే క్రూడ్ ఆయిల్‌లో ఎక్కువ భాగం బయటి నుంచే వస్తుంది, దానికి డాలర్లు కట్టాలి. క్రూడ్ ధర పెరిగినా, విదేశీ ఇన్వెస్టర్లు ఇక్కడి షేర్లు అమ్ముకుని వెళ్లినా డాలర్లకు గిరాకీ పెరిగి రూపాయి పడుతుంది. మరీ వేగంగా పడుతుంటే రిజర్వ్ బ్యాంక్ తన దగ్గరున్న డాలర్లు అమ్ముతుంది. వీటిలో ఏది రేపు జరుగుతుందో ముందే చెప్పగలిగినవాళ్లు లేరు.

   

ఇంటి దగ్గర అప్పు ఉంటే మాత్రం అస్సలు ఆగొద్దు. వీసా కోసం రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. 48,000 నెల రోజులు ఆపితే వడ్డీ 960 రూపాయలు. అది పూడాలంటే 2,000 దిర్హమ్‌ల మీద దిర్హమ్‌కు 48 పైసలు పెరగాలి, అంటే డాలర్ ఒక్క నెలలో దాదాపు 1.76 రూపాయలు పెరగాలి. అలా పెరిగే నెలలు అరుదు. అప్పు లేకపోతే సగం ఇప్పుడు, సగం తర్వాత పంపడం నా దృష్టిలో మేలు. రూపాయి పడితే మీకు నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయి, నిజమే. కానీ బంగారం, వంటనూనె లాంటి దిగుమతి సరుకుల ధరలు ఇంటి దగ్గర పెరుగుతాయి. ఆ ఎక్కువొచ్చింది మొత్తం మిగులు అనుకుని కొత్త ఖర్చు పెట్టుకోకండి.

పావలా ఎక్కువిస్తామని హవాలావాళ్లు అంటే ఒప్పుకోకండి. మన దేశంలో అది చట్టవిరుద్ధం. డబ్బు అందకపోతే అడగడానికి రసీదు ఉండదు, అందినా మీ ఇంటివాళ్లు కేసులో ఇరుక్కోవచ్చు.

పంపాక రసీదు ఫొటో ఇంటికి వాట్సాప్ చేయండి. బ్యాంక్ మెసేజ్‌లోని మొత్తాన్ని దానితో పోల్చి చూడమనండి. తేడా ఉంటే రసీదు మీదున్న నంబర్ చెప్పి అదే కౌంటర్‌లో అడగండి.