ఆయాసాన్ని బట్టి మీ దమ్ము ఎంతో తెలుసుకోవడం ఎలా?

తిరుపతిలో ఎవరినడిగినా కొండెక్కిన టైమే చెబుతారు. "అలిపిరి నుంచి మూడు గంటల్లో ఎక్కేశా" అని. ఆ టైమ్ ఒక్కదాన్ని పట్టుకుని దమ్ము ఎంతో చెప్పలేం. 3,550 మెట్ల ఆ దారిలో గాలిగోపురం దాకా గట్టి ఎక్కుడు. తర్వాత చాలా దూరం సులువుగా నడిచిపోవచ్చు. చివర్లో మళ్లీ మోకాళ్ల మెట్టు. ఇద్దరు ఒకే టైమ్‌కి పైకి చేరినా, ఒకరు కబుర్లు చెప్పుకుంటూ వచ్చి ఉంటారు, ఇంకొకరు ప్రతి మలుపులోనూ కూలబడి ఉంటారు. చేసిన పనినీ, పడ్డ ఆయాసాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తేనే దమ్ము బయటపడుతుంది. ఇంట్లో ఒక్క మెట్టుతో ఆ పని చేసుకోవచ్చు.

ముందు ఆయాసానికి అంకె వేయడం నేర్చుకోండి

స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ 1960లలో ఒక కొలమానం తయారుచేశారు. అది 6తో మొదలై 20తో ముగుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న యువకుల్లో ఆ అంకెను పదితో గుణిస్తే, సుమారుగా గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో వస్తుంది. అందుకే 6తో మొదలుపెట్టారు.

6 అంటే ఊరికే కూర్చున్నట్టు. 9 చాలా తేలిక, 11 తేలిక, 13 కాస్త కష్టం, 15 కష్టం, 17 చాలా కష్టం, 20 అంటే ఇక ఒక్క అడుగు కూడా వల్ల కాదు.

మెట్ల దారిలో గోవింద నామాలు చెప్పుకుంటూ ఎక్కేవాళ్లకు ఇది త్వరగా పట్టుబడుతుంది. నామం వెంట నామం ఆగకుండా వస్తుంటే మీరు 11 దగ్గర ఉన్నట్టు. రెండు నామాలకోసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తే 13. ఒక్క "గోవిందా" అని ఆగిపోతే 15 దాటారు. ఇవి నేను పెట్టుకున్న గుర్తులు. మీకు నప్పేవి మీరు పెట్టుకోండి. కాళ్ల నొప్పి ఒక్కటే చూడకండి, ఊపిరి, అలసట, ఒంటి వేడి అన్నీ కలిపి ఒకే అంకె వేయండి.

తర్వాత మెట్టు పరీక్ష

గుండె జబ్బు, ఉబ్బసం, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా చేయొద్దు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం అనిపిస్తే వెంటనే ఆపేయండి.

20 సెంటీమీటర్ల ఎత్తున్న, కదలని మెట్టు చూసుకోండి. టేపుతో కొలవండి, కంటి అంచనా వద్దు. ఐదు నిమిషాలు మెల్లగా నడిచాక, ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్‌ను (ఒకే లయలో టిక్ టిక్‌మని కొట్టేది) నిమిషానికి 60 దెబ్బలకు పెట్టండి. ఒక్కో దెబ్బకు ఒక్కో అడుగు: ఒక కాలు పైకి, రెండోది పైకి, ఒకటి కిందికి, రెండోది కిందికి. అంటే నిమిషానికి 15 సార్లు ఎక్కి దిగుతారు. మూడు నిమిషాలు చేసి, ఆగబోయే ముందు అంకె చెప్పండి, పక్కనున్నవాళ్లు రాసుకోవాలి. ఆగకుండా 80 దెబ్బలకు మార్చి మూడు నిమిషాలు, 100కు మార్చి ఇంకో మూడు నిమిషాలు. మధ్యలో 15 వచ్చిందంటే అక్కడితో చాలు, లాగొద్దు.

ఇప్పుడు లెక్క

ఈ మూడు వేగాలకు శరీరం వాడే ఆక్సిజన్, కిలో బరువుకు నిమిషానికి, సుమారు 13.7, 17.1, 20.5 మిల్లీలీటర్లు. మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లే అయితే 11.9, 14.7, 17.5.

20 సెంటీమీటర్ల మెట్టు మీద మీరు వరసగా 9, 11, 13 అన్నారనుకుందాం. ఆయాసం 9 నుంచి 13కు, అంటే నాలుగు అంకెలు పెరిగేసరికి ఆక్సిజన్ 6.8 పెరిగింది. అంకెకు 1.7. 13 నుంచి 20కి ఇంకా ఏడు అంకెలున్నాయి, ఏడు 1.7లు 11.9. దాన్ని 20.5కు కలిపితే 32.4. మీ శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ అంచనా అదే. డాక్టర్లు వీఓటూ మ్యాక్స్ అంటారు.

ఇక్కడ ఒక్క అంకె తప్పు చెప్పినా దెబ్బ పెద్దదే. చివర్లో 13 బదులు 14 అంటే అదే లెక్క 28.7కు పడిపోతుంది. అందుకే ఎవరి ముందో బాగా కనిపించాలని ఆయాసం దాచుకోకండి. కనీసం రెండు వేర్వేరు రోజులు చేసి సగటు తీయండి.

మా మామ బీపీకి బీటా బ్లాకర్ మాత్ర వాడతాడు. ఆ మాత్ర గుండె వేగాన్ని తగ్గించేస్తుంది కాబట్టి, నాడి చూసి చెప్పే లెక్కలు ఆయనకు సరిపోవు. ఆయాసం మాత్రం ఆయనకు తెలుస్తూనే ఉంటుంది. డాక్టర్ సరేనన్నాకే, ఆయన 13 దాటకుండా చేస్తాడు.

మన ఊరి ఎండ సంగతి మర్చిపోవద్దు. మే నెలలో పగలు చేస్తే, అదే మెట్టు మీద అదే వేగానికి ఆయాసం ఎక్కువ అనిపిస్తుంది. నిద్ర లేకపోయినా, జ్వరం వచ్చి తగ్గినా అంతే. తెల్లవారుజామున, ఎప్పుడూ ఒకే టైమ్‌కి చేయండి. నోట్‌బుక్‌లో తేదీ, టైమ్, మెట్టు ఎత్తు, ముందురోజు నిద్ర, మూడు అంకెలూ రాసుకోండి. రెండు నెలలు నడిచాక మళ్లీ చేసి, 100 దెబ్బల దగ్గర పాత 13 ఇప్పుడు 11 అయిందేమో చూడండి.