చెరువులో ఆక్సిజన్: ఒక పగలు, ఒక రాత్రి కొలవడం ఎట్లా

ఎమ్మెస్సీ డిసర్టేషన్‌కో, పీహెచ్‌డీలో ఒక అధ్యాయానికో చెరువు నీళ్లను ఎంచుకునే విద్యార్థులకు ఓరుగల్లును మించిన చోటు దొరకదు. ఊరి నడుమ భద్రకాళి, వడ్డేపల్లి చెరువులు. బండి మీద పోయి రాగలిగే దూరంలో రామప్ప, లక్నవరం, పాకాల. అయినా చాలా థీసిస్‌లు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. నెలకోసారి శాంపిల్, 12 నెలలు, ఇరవై పారామీటర్లు, చివర్లో ఒక పట్టిక. అందులో ఒక్కటే కనిపించదు: నీళ్లు పట్టింది ఎన్ని గంటలకు?

పొద్దున బస్సు దిగి, 11 గంటలకు ఒడ్డున నిలబడి సీసా ముంచితే పచ్చగా ఉన్న చెరువులో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 9, 10 మి.గ్రా. కూడా రావచ్చు. అదే చెరువులో తెల్లవారుజామున 5 గంటలకు 2 మి.గ్రా. ఉన్నా ఆశ్చర్యం లేదు. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది. పొద్దు గూకగానే అదే నాచు, అడుగు బురదలోని బ్యాక్టీరియా కలిసి దాన్ని వాడేసుకుంటాయి. నీళ్లు ఎంత పచ్చగా ఉంటే ఈ ఎగుడుదిగుడు అంత ఎక్కువ. చేపలు పైకి తేలి నోళ్లు తెరిచేది తెల్లారగట్లే. 11 గంటల అంకె చూసి 'నీళ్లు బాగున్నాయి' అని రాస్తే, లెక్క తప్పకపోయినా మాట తప్పు. అందుకే ఇరవై పారామీటర్లు పైపైన చూసేకన్నా రెండు చెరువుల్లో ఆక్సిజన్ ఒక్కదాన్నే 24 గంటలు సరిగ్గా కొలవడం మేలు.

చెరువు, రోజు, అనుమతి

ఒకటి ఊరిని ఆనుకున్నది, ఇంకొకటి అడవి అంచుది తీసుకుంటే పోలికకు అర్థం ఉంటుంది. పాకాల అభయారణ్యంలో ఉంది కాబట్టి అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా రాత్రి ఉండటం కుదరదు. దరఖాస్తు రెండు మూడు నెలల ముందే పెట్టాలి. మిగతా చోట్ల నీటిపారుదల శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) ఒక లేఖ ఇవ్వాలి. అంతకన్నా ముఖ్యం ఊళ్లోని మత్స్య సహకార సంఘం. తెప్ప వాళ్లది, లోతు ఎక్కడుందో తెలిసింది వాళ్లకు, వలలు ఎక్కడ కట్టారో చెప్పేదీ వాళ్లే. సంఘం అధ్యక్షుణ్ని ముందే కలిసి, చేసేది చేపల మీద ఫిర్యాదు కాదని చెప్పాలి. ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్లనే సగం ఇబ్బందులు వస్తాయి.

ఏడాదిలో నాలుగు సార్లు చాలు: రోహిణి కార్తెలో నీళ్లు అడుగంటి వేడెక్కినప్పుడు, ఆగస్టులో మత్తడి (అలుగు) దూకే రోజుల్లో, నవంబరులో, జనవరిలో. వినాయక నిమజ్జనం, సద్దుల బతుకమ్మ అయిన రెండు వారాల దాకా వద్దు. మీ ప్రశ్నే అది అయితే తప్ప. ముందు రోజు మబ్బు పట్టిందా లేదా తప్పక రాసుకోండి. మబ్బు రోజున నాచు ఆక్సిజన్ తక్కువ చేస్తుంది, రాత్రి ఖర్చు మాత్రం అంతే ఉంటుంది, కనుక తెల్లారేసరికి అంకె ఇంకా పడిపోతుంది. వీలైతే ఒక ఎండ రోజు, ఒక మబ్బు రోజు రెండూ పట్టండి.

ఒక్క చోటు చాలదు. తూము దగ్గర లోతు ఎక్కువ. వాగు కలిసే శిఖం వైపు (చెరువు నిండితే మునిగే భూమి వైపు) లోతు తక్కువ, గడ్డి ఎక్కువ. ఈ రెండు చోట్లా పైనుంచి 30 సెం.మీ. లోతులో ఒకటి, అడుగుకు అర మీటరు పైన ఒకటి తీయాలి. శిఖం వైపు లోతు మీటరు కూడా లేకపోతే ఒక్కటే చాలు. సాయంత్రం 6 గంటలకు మొదలుపెట్టి మూడు గంటలకోసారి, మర్నాడు సాయంత్రం 6 దాకా అంటే తొమ్మిది విడతలు. విడతకు రెండు లోతులు, లోతుకు రెండు సీసాల చొప్పున ఒక్క తూము దగ్గరే 36 సీసాల పని. ఇద్దరితో కాదు, నలుగురు కావాలి.

సామాను

ఆక్సిజన్ కొలిచే మీటర్ ఉంటే మంచిదే. కానీ మీటర్‌ను నమ్మాలంటే వింక్లర్ పద్ధతి చేతిలో ఉండాలి. లాయోష్ వింక్లర్ 1888లో ప్రచురించిన ఈ టైట్రేషన్‌తోనే (బలం తెలిసిన ద్రావణాన్ని చుక్కచుక్కగా వదిలి కొలిచే పద్ధతితోనే) ఇవాళ్టికీ సముద్ర పరిశోధన నౌకల మీద సెన్సర్లను సరిచూస్తారు. రేపు విశాఖపట్నంలో ఎన్ఐఓ (జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ) ప్రాంతీయ కేంద్రానికి వెళ్లాలనుకునేవాళ్లకు, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నుంచి ఆర్గో ఫ్లోట్ల (సముద్రంలో మునిగి తేలుతూ కొలతలు తీసే పరికరాల) డేటా తీసి చూసేవాళ్లకు చెరువు గట్టున నేర్చిన ఈ చేతిపని అక్కరకొస్తుంది.

మాంగనస్ సల్ఫేట్: లీటరుకు మోనోహైడ్రేట్ అయితే 364 గ్రాములు, టెట్రాహైడ్రేట్ అయితే 480. డబ్బా మీద ఏది రాసుందో చూడకుండా తూచేయడం మామూలు పొరపాటు. ఆల్కలీ-అయోడైడ్-అజైడ్: 500 గ్రా. సోడియం హైడ్రాక్సైడ్, 135 గ్రా. సోడియం అయోడైడ్ కలిపి లీటరు చేసి, 40 మి.లీ. నీళ్లలో కరిగించిన 10 గ్రా. సోడియం అజైడ్ చేర్చాలి. హైడ్రాక్సైడ్ కరిగేటప్పుడు సలసల కాగినంత వేడి పుడుతుంది, గిన్నెను నీళ్ల తొట్టిలో పెట్టి కొంచెం కొంచెంగా వేయాలి. అజైడ్ విషం, ఈ ద్రావణానికి ఆమ్లం నేరుగా తగలనీయొద్దు. థయోసల్ఫేట్: పెంటాహైడ్రేట్ 6.205 గ్రా., నిలవ ఉండటానికి 0.4 గ్రా. సోడియం హైడ్రాక్సైడ్, లీటరుకు. ఇది 0.025 నార్మల్. ఇవి కాక గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, తాజాగా కాచిన స్టార్చ్, 300 మి.లీ. బీఓడీ సీసాలు (నీటి పరీక్షకు వాడే, గాజు మూత బిగిసేవి) 16, ఐస్ బాక్స్, థర్మామీటర్, బ్యూరెట్ స్టాండ్. ఆమ్లం మోసే పెట్టెలోనే వంట సోడా పొట్లం ఒకటి ఉండాలి.

థయోసల్ఫేట్ బలం రోజురోజుకూ తగ్గుతుంది కాబట్టి బయలుదేరే రోజునే సరిచూడాలి. లీటరుకు 812.4 మి.గ్రా. పొటాషియం బై-అయోడేట్ ద్రావణం 20 మి.లీ. తీసుకుని, 2 గ్రా. పొటాషియం అయోడైడ్, రెండు మూడు చుక్కల ఆమ్లం వేసిన నీళ్లలో కలిపి 200 మి.లీ.కి పెంచి టైట్రేట్ చేస్తే సరిగ్గా 20 మి.లీ. పట్టాలి. 20.6 పడితే పారబోయనక్కర్లేదు, చివరి లెక్కను 20తో గుణించి 20.6తో భాగించాలి.

సీసా పట్టే తీరు

పని చెడేది ఇక్కడే. నీళ్లు తీసే పరికరం గొట్టం కొసను సీసా అడుగుదాకా దించి, బుడగ లేకుండా నింపాలి. నిండాక ఆపకూడదు, ఇంకో రెండు మూడు సీసాల నీళ్లు పైనుంచి పొర్లిపోనివ్వాలి. అప్పుడుగానీ మొదట గాలి తగిలిన నీళ్లు బయటికి పోవు. గొట్టాన్ని మెల్లగా పైకి తీసి, మాంగనస్ సల్ఫేట్ 1 మి.లీ., వెంటనే అజైడ్ ద్రావణం 1 మి.లీ., వేర్వేరు పిపెట్లతో వేయాలి. మూతను ఏటవాలుగా దించితే గాలి పక్కనుంచి తప్పుకుంటుంది. తలకిందులు చేసి టార్చి వెలుతురులో చూడండి, బుడగ కనిపిస్తే ఆ సీసా లెక్కలోకి రాదు. 1 మి.లీ. గాలిలో దాదాపు 0.28 మి.గ్రా. ఆక్సిజన్ ఉంటుంది, అదంతా సీసాలో కలిస్తే లీటరుకు 0.9 మి.గ్రా. దాకా తప్పు. తెల్లవారుజామున అసలు అంకే 2 ఉన్నచోట అది చిన్న తప్పు కాదు.

పదిహేను ఇరవై సార్లు తిప్పి పెడితే మడ్డి కిందికి దిగుతుంది. మడ్డి గోధుమ రంగులో ఉంటే ఆక్సిజన్ ఉన్నట్టు, పాల తెలుపుగా ఉంటే దాదాపు లేనట్టు. మే నెలలో తూము అడుగు నీళ్లు తెల్లగా వస్తే కంగారుపడి రసాయనాలను అనుమానించకండి. ముందు పై నీళ్లతో ఇంకో సీసా చేసి చూడండి, అది గోధుమ రంగుకు వస్తే రసాయనాలు బాగున్నట్టే. మడ్డి సగానికి దిగాక మళ్లీ తిప్పి, మళ్లీ దిగనిచ్చి, ఆమ్లం 1 మి.లీ. మెడ వెంట జారవిడిచి మూసి తిప్పాలి. మడ్డి పూర్తిగా కరిగి నీళ్లు తేనె రంగుకు రావాలి. మడ్డి దశలో సీసాను నీడలో, మూత చుట్టూ నీళ్లు నిలిపి కొంతసేపు ఉంచవచ్చు. కానీ 8 గంటలు దాటనివ్వొద్దు. ఆమ్లం వేశాక మాత్రం ఆగకూడదు, అయోడిన్ ఎగిరిపోతుంది.

టైట్రేషన్‌కు 201 మి.లీ. తీసుకోవాలి, 200 కాదు. రసాయనాలు 2 మి.లీ. నీళ్లను బయటికి నెట్టాయి కదా. మన ల్యాబుల్లో చాలాచోట్ల 2 మి.లీ. చొప్పున వేసే అలవాటుంది, అప్పుడు 203. గడ్డి రంగు వచ్చేదాకా థయోసల్ఫేట్ వదిలి, అప్పుడు స్టార్చ్ వేసి, నీలం పోయిన మొదటి చుక్క దగ్గర ఆపాలి. ముందే స్టార్చ్ వేస్తే అది అయోడిన్‌ను పట్టుకుని వదలదు. కాసేపటికి నీలం తిరిగొచ్చినా పట్టించుకోవద్దు, మొదట ఆపిన అంకే లెక్క. ఖర్చయిన మి.లీ.లే లీటరుకు మి.గ్రా.లు. జంట సీసాల తేడా 0.2 దాటితే ఆ విడత అనుమానమే.

అంకెల్ని చదవడం

ఉష్ణోగ్రత లేకుండా ఆక్సిజన్ అంకెకు అర్థం లేదు. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద నీళ్లు పట్టగలిగేది 7.56 మి.గ్రా. వరంగల్ సముద్ర మట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తు, అందుకు 3 శాతం తీసేస్తే 7.3. మధ్యాహ్నం 3 గంటలకు 10 వస్తే అది 137 శాతం. 'నీళ్లు బాగున్నాయి' అనడానికి అది రుజువు కాదు, నాచు మితిమీరిందనడానికి గుర్తు. కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో చేపల పెంపకానికి కనీసం 4 మి.గ్రా. ఉండాలి, ఆ గీతను మీ గ్రాఫు మీద గీసి, రాత్రి ఎన్ని గంటలు దానికి దిగువన ఉందో చెప్పండి. సగటు చెప్పకండి. సగటు ఈ పనికి శత్రువు.

శాటిలైట్ చిత్రాలు జోడించాలనుకుంటే యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రాలు ఉచితం, 10 మీటర్ల వివరం. ఆకుపచ్చ, సమీప పరారుణ బ్యాండ్ల తేడాను వాటి మొత్తంతో భాగించే నీటి సూచికతో చెరువు విస్తీర్ణం తేలుతుంది. కాకపోతే గుర్రపు డెక్క పరుచుకున్న మేర నేలగా లెక్కలోకి వస్తుంది. చెరువు కుంచించుకుపోయిందని రాసేముందు ఒకసారి కట్ట మీదికి వెళ్లి చూడాలి. వానాకాలంలో మబ్బుల వల్ల పనికొచ్చే చిత్రాలు బాగా తగ్గిపోతాయి.

రాత్రి తెప్ప మీద ఇద్దరికి మించి ఎక్కొద్దు, లైఫ్ జాకెట్ లేకుండా అసలొద్దు. గట్టు మీద పాముల పైలం. మిగిలిన ద్రావణాలు చెరువులో పోయకుండా డబ్బాల్లో వెనక్కి తేవాలి. అజైడ్ కలిసినదాన్ని ల్యాబ్ సింకులో కూడా ఒంపకూడదు, రాగి, సీసం పైపుల్లో పేలే లవణాలుగా మారుతుంది. దాన్ని ఆమ్లపు డబ్బాలో కలపకుండా వేరే ప్లాస్టిక్ డబ్బాలో పోసి, పేరు, తేదీ రాసి ల్యాబ్ ఇన్‌చార్జికి అప్పగించాలి.