యుద్ధ వార్త చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఆయుధం పేరు వెనకాల ఏముంది?

పాఠంలోకి వెళ్లేముందు కిందటి వారం ఇచ్చిన లెక్క తేల్చేద్దాం. 2025 జూన్ 1న ఉక్రెయిన్ లారీల్లో దాచి తీసుకెళ్లిన 117 డ్రోన్లతో రష్యా వైమానిక స్థావరాల మీద దాడి చేసింది. దానికి ‘స్పైడర్ వెబ్’ అని పేరు పెట్టారు. దెబ్బతిన్న స్థావరాల్లో ఒకటైన బెలాయా సైబీరియాలో ఉంది, ఉక్రెయిన్ నుంచి 4 వేల కిలోమీటర్ల పైచిలుకు. 41 విమానాలకు దెబ్బ తగిలిందని ఉక్రెయిన్ భద్రతా సంస్థ ఎస్‌బీయూ చెప్పింది. అమెరికా అధికారుల అంచనా ప్రకారం దెబ్బ తగిలినవి 20 దాకా, వాటిలో పూర్తిగా పోయినవి 10 దాకా. ఏ అంకె రాసుకోవాలి అని అడిగాను.

మూడూ రాసుకోవాలి, ఎవరు చెప్పారో పక్కనే పెట్టి. అయితే ఆ జవాబుకు సగం మార్కులే. టీయూ-95, టీయూ-22ఎం3 సోవియట్ కాలపు బాంబర్లు. వాటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ట్యాంకు పోతే పాత నిల్వల్లోంచి ఇంకోటి తీసి బాగుచేసుకోవచ్చు, టీయూ-95 పోతే పోయినట్టే. అంకెల్లో అన్నిటికన్నా చిన్నదైన 10నే నమ్మినా, ఆ పదీ మళ్లీ రావు. ఈ మాట రాసుకున్నవాళ్లు ఈ వారం పాఠంలోకి అప్పుడే అడుగుపెట్టినట్టు.

ఈ వారం ఆయుధాలు. ఈ యుద్ధం మొదలైనప్పటి నుంచి మన టీవీ ఛానళ్లు ఎన్ని బ్రహ్మాస్త్రాలు చూపించాయో గుర్తు చేసుకోండి. జావెలిన్, బైరక్తార్, హైమార్స్, లెపర్డ్, స్టార్మ్ షాడో, ఎఫ్-16, అటు వైపు కింజాల్, ఒరెష్నిక్. ప్రతిదానికీ ‘యుద్ధం మలుపు తిరిగింది’ అన్న స్క్రోలింగ్ వచ్చింది. గ్రాఫిక్స్‌లో క్షిపణి గుండ్రంగా తిరుగుతుంటుంది, పక్కన వేగం, బరువు, రేంజ్. ఇవన్నీ కంపెనీ బ్రోషర్‌లో దొరికేవే. వార్త అర్థం కావాలంటే బ్రోషర్‌లో లేనివి కావాలి. దాన్ని దేని మీద వాడారు? ఎన్ని ఉన్నాయి, నెలకు ఎన్ని కొత్తవి వస్తాయి? ‘అక్కడ వాడొద్దు’ అని చెప్పగలిగేది ఎవరు? అవతలివాళ్లు విరుగుడు ఎప్పటికి కనిపెట్టారు?

నోట్‌బుక్‌లో ఒక పేజీ తీసుకోండి. పైన ఆయుధం పేరు రాసి, కింద ఈ ప్రశ్నలకు చోటు వదలండి. ముందు హైమార్స్‌తో కలిసి చేద్దాం. దాని కథ చాలావరకు బయటపడింది కాబట్టి నేర్చుకునేవాళ్లకు అదే మంచిది.

హైమార్స్ అంటే అమెరికా ఇచ్చిన, లారీ మీద ఆరు రాకెట్ల పెట్టె. మొదటివి 2022 జూన్ చివర్లో ఉక్రెయిన్ చేరాయి. మామూలు ఫిరంగి గుండు 25, 30 కిలోమీటర్లు పోతే, ఈ రాకెట్ 70 కిలోమీటర్లు దాటి పోయి, జీపీఎస్ సాయంతో గురిపెట్టిన చోటే పడుతుంది. ఇంతవరకు బ్రోషరే. ఇప్పుడు మొదటి ప్రశ్న. దేని మీద వాడారు?

ఆ వేసవిలో తూర్పు ఉక్రెయిన్‌లోని దోన్‌బాస్‌లో రష్యా ముందుకు కదులుతున్నది ఫిరంగుల బలంతో. ఫిరంగికి రోజూ గుండ్లు కావాలి. గుండ్లు రైల్లో వస్తాయి, స్టేషన్ల దగ్గర పెద్ద డిపోల్లో దిగుతాయి, అక్కడి నుంచి లారీల్లో ఫ్రంట్‌కి పోతాయి. ఈ డిపోల్లో చాలా వాటిని ఉక్రెయిన్ ఫిరంగులకు అందనంత దూరంలో పెట్టారు. హైమార్స్ వచ్చాక ఆ దూరం సరిపోలేదు. జులైలో దక్షిణాన ఉన్న నోవా కఖోవ్కా డిపో పేలిపోయింది, వరసగా మరికొన్ని. ఫిరంగులు అలాగే ఉన్నాయి, వాటికి తిండి తగ్గింది. కాబట్టి మన పేజీలో ‘లక్ష్యం’ దగ్గర ‘ట్యాంకులు’ అని రాస్తే తప్పు. ‘గుండ్ల డిపోలు, కమాండ్ పోస్టులు, వంతెనలు’ అని రాయాలి.

వంతెనల సంగతి ఇంకా బాగుంటుంది. ఖేర్సన్ నగరం ద్నీప్రో నదికి కుడిగట్టున ఉంది. అక్కడి రష్యా దళాలకు సరుకు రావాల్సింది ఎడమగట్టు నుంచి. కిలోమీటరుకు పైగా పొడవున్న అంతోనివ్కా వంతెనను జులై నుంచి పదేపదే కొట్టారు. వంతెన కూలలేదు. ఆ రాకెట్‌కు అంత పేలుడు శక్తి లేదు. రోడ్డు మీద బొక్కలు పడ్డాయి, బరువు లారీలు పోలేకపోయాయి. రష్యన్లు బల్లకట్లు వేస్తే వాటినీ కొట్టారు. నవంబర్ 9న రష్యా రక్షణ మంత్రి షోయిగు వెనక్కి రమ్మని ఆదేశించారు, 11న ఉక్రెయిన్ సైనికులు నగరంలోకి వచ్చారు. వంతెన స్పాన్లు చివరికి పేల్చింది వెనక్కి పోతున్న రష్యన్లే.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్తాను, ఒప్పుకోకపోయినా పర్లేదు. ఖేర్సన్‌ను హైమార్స్ గెలిచిందనే వాక్యంలో నదిని మర్చిపోతున్నారు. అవే రాకెట్లు 2023 వేసవిలో జపోరిజియా వైపు ఎదురుదాడికీ ఉన్నాయి. అక్కడ రష్యా దళాల వెనకాల దాటాల్సిన పెద్ద నది లేదు, ముందు మాత్రం కిలోమీటర్ల కొద్దీ మందుపాతరలు ఉన్నాయి. దాడి రొబోతినే అనే ఊరి చుట్టుపక్కలే ఆగిపోయింది. ఆయుధం మారలేదు, నేల మారింది. అందుకే ఆయుధం వార్త చదివేటప్పుడు పక్కన మ్యాప్ తెరిచి పెట్టుకోమని మొదటి పాఠం నుంచీ పోరుతున్నాను.

ఇక విరుగుడు. కొద్ది నెలల్లోనే రష్యా పెద్ద డిపోలను ఇంకా వెనక్కి జరిపి, ఫ్రంట్ దగ్గర చిన్న చిన్నవిగా చెదరగొట్టింది. ఆ తర్వాత జీపీఎస్ సిగ్నల్‌ను జామ్ చేయడం బాగా పెంచింది. జీపీఎస్‌తో నడిచే ఎక్స్‌కాలిబర్ ఫిరంగి గుండ్లు అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతిన్నాయి, 2024 నాటికి అవి లక్ష్యానికి తగలడం బాగా పడిపోయింది. హైమార్స్ ఇప్పటికీ పనికొచ్చే ఆయుధమే. 2022 జులైలో ఉన్న హైమార్స్ మాత్రం కాదు. అందుకే పేజీలో ప్రతి జవాబు పక్కనా నెల, సంవత్సరం రాయండి. తారీఖు లేని జవాబు ఆరు నెలలకే తప్పయిపోతుంది.

అనుమతి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఒక్క ఉదాహరణ చాలు. హైమార్స్ నుంచే పేల్చే, ఇంకా దూరం పోయే ఏటీఏసీఎంఎస్ క్షిపణిని ఉక్రెయిన్ 2023 అక్టోబర్‌లో రష్యా ఆక్రమణలో ఉన్న బెర్ద్యాన్స్క్, లుహాన్స్క్ వైమానిక స్థావరాల మీద మొదటిసారి వాడింది. రష్యా లోపల వాడుకోవడానికి అమెరికా ఒప్పుకునేసరికి 2024 నవంబర్ వచ్చింది. ఈలోగా రష్యా చాలా విమానాలను దూరపు స్థావరాలకు తరలించుకుంది. ఆయుధం ఇచ్చిన రోజు ఒకటి, వాడుకోనిచ్చిన రోజు ఇంకొకటి. పేజీలో రెండు తారీఖులూ పడాలి.

ఇప్పుడు ఇంకో రకం ఆయుధం. ఇది గొప్ప సాంకేతికత కాదు. ఇరాన్ డిజైన్ చేసిన షాహెద్-136, రష్యాలో దాని పేరు గెరాన్-2. చిన్న మోటారు, గంటకు 180 కిలోమీటర్ల చిల్లర వేగం, 50 కిలోల దాకా పేలుడు పదార్థం. మోపెడ్ వస్తున్నట్టు చప్పుడు చేస్తుంది. 2022 సెప్టెంబర్‌లో వచ్చినప్పుడు చాలామంది నవ్వారు. ఆ తర్వాత తతార్‌స్తాన్‌లోని అలబుగాలో ఫ్యాక్టరీ పెట్టి, మొదట ఇరాన్ నుంచి వచ్చిన భాగాలు బిగించి, క్రమంగా సొంతంగా తయారు చేయడం మొదలుపెట్టారు. దీన్ని చదవాలంటే కాలిక్యులేటర్ తీయాలి.

2025 సెప్టెంబర్ 7 రాత్రి రష్యా 810 డ్రోన్లు వదిలిందని ఉక్రెయిన్ వైమానిక దళం ప్రకటించింది. అందులో 747 కూల్చామని, లేదా జామింగ్‌తో పనికిరాకుండా చేశామని చెప్పింది. శాతం కట్టండి. 92. పేపర్లో ‘92 శాతం కూల్చివేత’ అని హెడ్డింగ్ వస్తే రక్షణ గట్టిగా ఉందనిపిస్తుంది. ఇప్పుడు తీసివేత చేయండి. 63 మిగిలాయి. అదే 92 శాతం పట్టుకుని, డ్రోన్లు 100 మాత్రమే వచ్చి ఉంటే? లోపలికి దూరేవి 8. రక్షణ ఏమీ బలహీనపడకుండానే దెబ్బలు ఎనిమిది రెట్లు పెరిగాయి. ఇలాంటి ఆయుధానికి రేంజ్, వేగం కన్నా ఫ్యాక్టరీ నెలకు ఎన్ని బయటికి పంపుతుందన్నదే ముఖ్యం. ఒక జాగ్రత్త కూడా. 810లో పేలుడు పదార్థం లేని ఉత్తుత్తి డ్రోన్లూ ఉన్నాయి, గెర్బెరా లాంటివి, ప్లైవుడ్, ఫోమ్‌తో చేసినవి. వాటి పని రాడార్‌ను తికమక పెట్టడం, రక్షణ క్షిపణులు ఖర్చు చేయించడం.

ఖర్చు అన్నాను కాబట్టి అదీ చూద్దాం. ఒక షాహెద్ ధర మీద అంచనాలు చాలా తేడాగా ఉన్నాయి. ఎక్కువమంది చెప్పేది 20 వేల నుంచి 50 వేల డాలర్లు. బాలిస్టిక్ క్షిపణులను కూల్చే పేట్రియాట్ పీఏసీ-3 క్షిపణి ఒక్కోటి 40 లక్షల డాలర్ల దగ్గర, పైగా తయారీదారు లాక్‌హీడ్ మార్టిన్ 2024 మొత్తం మీద చేసింది 500. మోపెడ్ డ్రోన్ మీదకు పేట్రియాట్ వదిలితే డబ్బు సంగతి పక్కన పెట్టండి, బాలిస్టిక్ క్షిపణి వచ్చిన రోజుకు చేతిలో ఏమీ మిగలదు. అందుకే ఉక్రెయిన్ పికప్ ట్రక్కుల మీద మెషిన్ గన్లు, జర్మనీ ఇచ్చిన గెపార్డ్ తుపాకులు వాడింది. 2025 నుంచి డ్రోన్‌ను డ్రోన్‌తోనే కొట్టే ఇంటర్‌సెప్టర్ల మీద పడింది. అవి కొన్ని వేల డాలర్లకే తయారవుతాయి. కాబట్టి ‘పేట్రియాట్లు అయిపోతున్నాయి’ అన్న వార్త చూస్తే కంగారుపడే ముందు, వాటిని దేని మీద వాడుతున్నారో వెతకండి.

విరుగుడుకు విరుగుడు ఎంత వేగంగా వస్తుందో చూడాలంటే ఎఫ్‌పీవీ డ్రోన్లు చూడండి. కొన్ని వందల డాలర్ల డ్రోన్, ఆపరేటర్ వీడియో గాగుల్స్ పెట్టుకుని, డ్రోన్ కెమెరా చూపించేది చూస్తూ నడుపుతాడు. దాన్ని ఆపడానికి ఇద్దరూ రేడియో జామర్లు పెట్టారు. 2024లో సన్నటి ఆప్టికల్ ఫైబర్ దారం వెనకాల వదులుకుంటూ పోయే డ్రోన్లు వచ్చాయి. రేడియోనే లేకపోతే జామర్ ఏం చేస్తుంది? వీటిని ముందు పెద్ద ఎత్తున వాడింది రష్యా. ఉక్రెయిన్ సైన్యం చొచ్చుకెళ్లిన రష్యా కుర్స్క్ ప్రాంతంలో, ఉక్రెయిన్ సరఫరా రోడ్డు మీద వీటితో కాపు కాసింది. 2025 మార్చిలో ఉక్రెయిన్ అక్కడి సుద్జా పట్టణం వదిలి రావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

‘నెలకు ఎన్ని’ అన్న ప్రశ్న మన దాకా కూడా వచ్చింది. విమానాలను, క్షిపణులను కూల్చే ఐదు ఎస్-400 స్క్వాడ్రన్ల కోసం మన దేశం 2018లో రష్యాతో ఒప్పందం చేసుకుంది. 2025 నాటికి మూడు వచ్చాయి, యుద్ధం వల్ల మిగతా రెండూ ఆలస్యమయ్యాయి. సొంత సైన్యానికి కావాల్సినవి చూసుకున్నాకే ఏ ఫ్యాక్టరీ అయినా బయటివాళ్లకు పంపుతుంది. ఆయుధాలు అమ్మే దేశంగా రష్యా బలం ఎంత తగ్గిందో తెలియాలంటే పరేడ్ వీడియోలు కాదు, ఇలాంటి డెలివరీ తారీఖులు చూడాలి.

ఫ్యాక్టరీ దగ్గరికి వచ్చామంటే ఆంక్షల దగ్గరికి వచ్చినట్టే. షాహెద్ విప్పితే అమెరికా, యూరప్ కంపెనీల చిప్‌లు బయటపడుతున్నాయి. నిషేధం ఉన్నా అవి అలబుగా ఎలా చేరుతున్నాయి, ఏ దేశాల మీదుగా, ఎంత ఎక్కువ ధరకు? రష్యా చమురు పీపాకు పశ్చిమ దేశాలు పెట్టిన 60 డాలర్ల ధర పరిమితి పని చేసిందా? రష్యా చమురు కొన్నందుకని 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా వేసిన అదనపు 25 శాతం సుంకం భీమవరం రొయ్యల చెరువు దాకా ఎలా వచ్చింది? అది 5వ పాఠం.

ఈ వారం అభ్యాసం. 2025 ఆగస్టులో ఉక్రెయిన్ కంపెనీ ఫైర్ పాయింట్ ‘ఫ్లెమింగో’ అనే క్రూయిజ్ క్షిపణిని చూపించింది. రేంజ్ 3,000 కిలోమీటర్లు, వార్‌హెడ్ 1,150 కిలోలు అని చెప్పింది. అప్పటికి రోజుకు ఒకటి చేస్తున్నామని, అక్టోబర్‌కల్లా రోజుకు ఏడు చేస్తామని కూడా అంది. కొత్త పేజీ తీసి పైన పేరు రాయండి. ఈ నాలుగు అంకెల్లో ఏవి బ్రోషర్, ఏవి మన ప్రశ్నలకు జవాబు? రోజుకు ఏడు అన్నది నిజమైందో లేదో కంపెనీని అడక్కుండా తేల్చుకోవాలంటే, ఆ తర్వాతి నెలల వార్తల్లో ఏం వెతుకుతారు? కనీసం రెండు ఆనవాళ్లు రాయండి, తారీఖుతో సహా.