వానల్లో హైవే ఎక్కే ముందు: టైర్లు, స్టీరింగ్, ఈఎస్‌సీ

అక్టోబరు వచ్చిందంటే విశాఖలో అందరి కళ్లూ బంగాళాఖాతం మీదే. 2014లో హుద్‌హుద్ తుపాను ఊరి మీదికి వచ్చింది కూడా ఈ నెల 12వ తేదీనే. దసరా, దీపావళి ప్రయాణాలు కూడా ఈ రోజుల్లోనే. పిల్లాపాపలతో శ్రీకాకుళం వైపో, తుని వైపో 16వ నంబరు హైవే ఎక్కుతాం. తుపాను హెచ్చరిక ఉన్న రోజు ప్రయాణం వాయిదా వేసుకోండి, అంతకు మించిన జాగ్రత్త లేదు. మామూలు ముసురులో వెళ్లక తప్పనివాళ్ల కోసం ఈ మాటలు.

ఇప్పుడు వస్తున్న కార్లలో చాలావాటికి ఈఎస్‌సీ, అంటే బండి అదుపు తప్పి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ ఉంటోంది. కొన్ని కంపెనీలు దాన్నే ఈఎస్‌పీ అంటాయి. 1995లో బాష్, మెర్సిడెస్ కలిసి దీన్ని మార్కెట్లోకి తెచ్చాయి. మీరు స్టీరింగ్ ఎటు తిప్పారో ఒక సెన్సర్ చూస్తుంది, బండి నిజంగా ఎటు తిరుగుతోందో ఇంకొకటి చూస్తుంది. రెండింటికీ తేడా వస్తే ఇంజిన్ పవర్ తగ్గించి, అవసరమైన చక్రానికి మాత్రమే బ్రేక్ వేస్తుంది. ఎడమ మలుపులో బండి వెనక భాగం కుడివైపు జారిందనుకోండి, ముందు కుడి చక్రానికి బ్రేక్ పడి బండి మళ్లీ దారిలోకి వస్తుంది. ఆ పని మన కాలు చేయలేదు, మనకున్నది ఒక్కటే పెడల్.

అసలు విషయం ఇక్కడే ఉంది. మీరు ఎటు వెళ్లాలనుకుంటున్నారో ఆ సిస్టమ్‌కు తెలిసేది స్టీరింగ్ వల్లనే. భయంతో స్టీరింగ్ వదిలేసినా, అటూ ఇటూ గుంజేసినా దానికి తప్పుడు సమాచారం వెళ్తుంది. బండి జారినప్పుడు ఎదురుగా ఉన్న లారీని కాదు, ఖాళీగా ఉన్న దారిని చూడండి. చూపు ఎటుంటే చేతులు అటే వెళ్తాయి.

తాళం తిప్పగానే మీటర్‌లో కారు బొమ్మ, కింద వంకర గీతలు ఉన్న లైటు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే మీ బండిలో ఈఎస్‌సీ ఉందో లేదో మాన్యువల్‌లో చూసుకోండి. నడుస్తుండగా మిణుకుమిణుకుమంటే రోడ్డు జారుతోందని అర్థం, వెంటనే వేగం తగ్గించాలి. ఆరకుండా వెలిగే ఉంటే ఎవరైనా ఆఫ్ చేసి ఉండాలి, లేదా లోపమైనా ఉండాలి. లోపమైతే బాగుచేయించాకే హైవే ఎక్కండి.

ఎంత మంచి ఈఎస్‌సీ అయినా టైరుకు లేని గ్రిప్‌ను తేలేదు. చట్టం ప్రకారం కారు టైరు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి, వానాకాలానికి మాత్రం 3 కంటే తగ్గితే మార్చేయమనే నేను చెబుతాను. గాడి నీళ్లను బయటికి తోయలేకపోతే టైరు నీళ్ల మీద తేలిపోతుంది. గాడి ఉన్నా పాతబడిన రబ్బరును నమ్మకండి. టైరు పక్కన 3519 లాంటి నాలుగు అంకెలు ఉంటాయి, అంటే 2019లో 35వ వారం తయారైందని. గాలి ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలిపించండి.

గాజువాక, షీలానగర్ వైపు పోర్టు లారీలు తిరిగే రోడ్ల మీద ఆయిల్ మరకలు సహజం. చాన్నాళ్ల తర్వాత పడే తొలి జల్లుకు ఆ ఆయిల్, దుమ్ము కలిసి రోడ్డు సబ్బు రాసినట్టవుతుంది. ఆ మొదటి అరగంటే ఎక్కువ ప్రమాదం. నీళ్లు నిలిచిన చోట స్టీరింగ్ ఉన్నట్టుండి తేలికైపోతే బండి తేలుతోందని గుర్తు. బ్రేక్ తొక్కకండి. యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి. వానలో క్రూయిజ్ కంట్రోల్ (కాలు పెట్టకుండానే వేగాన్ని ఒకేలా ఉంచేది) వాడనే వద్దు.

నన్ను ఎక్కువగా భయపెట్టేది రోడ్డు మార్జిన్. వానకు మట్టి కొట్టుకుపోయి, తారు అంచు పక్కన జానెడు లోతు పడుతుంది. ఎడమ చక్రాలు అందులో దిగగానే కంగారుపడి స్టీరింగ్ కుడికి లాగేస్తారు. టైరు అంచుకు ఒరుసుకుంటూ ఉండి, ఒక్కసారిగా పైకెక్కుతుంది. అప్పటికే స్టీరింగ్ కుడికి తిరిగి ఉంది కాబట్టి బండి డివైడర్ మీదికి దూసుకుపోతుంది, లేదా బోల్తా పడుతుంది. చక్రాలు దిగితే దిగనివ్వండి. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని అలాగే తిన్నగా నడుపుతూ వేగం బాగా తగ్గాక, అంచు తక్కువగా ఉన్న చోట మెల్లగా ఎక్కండి.

టైరు పేలినా అంతే. బ్రేక్ జోలికి పోకుండా స్టీరింగ్ తిన్నగా ఉంచి, వేగం దానంతట అదే తగ్గాక పక్కకు తీయండి. గేదె అడ్డొస్తే మాత్రం బ్రేక్ గట్టిగా తొక్కండి. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేస్తూ పెడల్ కాలి కింద గడగడలాడుతుంది, కాలు తీయకండి. 80లో వెళ్లే బండికి ఉండే గతిశక్తి 60లో ఉన్నదానికి దాదాపు 1.8 రెట్లు, దాన్నంతా కరిగించాల్సింది ఆ నాలుగు టైర్లే.

వెనక సీటులో అమ్మమ్మ, తాతయ్యలకు కూడా బెల్టు పెట్టండి. చంటిపిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకుని ముందు సీటులో కూర్చోవద్దు. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునే దెబ్బకు ఆ ప్రాణం తట్టుకోలేదు.

బండి ఆగిపోయాక హజార్డ్ లైట్లు వేసి, అందరినీ ఎడమవైపు నుంచి దించి, క్రాష్ బారియర్ ఉంటే దాని అవతలికి పంపండి. వానలో వెనక వచ్చే లారీకి మీరు కనపడకపోవచ్చు. హైవే సాయానికి 1033, అంబులెన్సుకు 108. వేరేవాళ్ల బండి పడిపోయి కనిపిస్తే ఆగి సాయం చేయండి, పోలీసు కేసు భయం అక్కర్లేదు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తుంది, పేరు చెప్పమని బలవంతం కూడా చేయకూడదు.