చిల్లగింజల ఏరుడుకు ముందు: ముష్టిని గుర్తుపట్టే జాగ్రత్తలు

చలికాలం నుంచి వేసవి దాకా తూర్పు కనుమల అడవుల్లో చిల్లగింజలూ ముష్టిగింజలూ దాదాపు ఒకేసారి చేతికొస్తాయి. గిరిజన సహకార సంస్థ రెండూ కొంటుంది కాబట్టి ఏరేవాళ్లూ వాళ్లే, సంచులూ అవే. చిల్ల (ఇండుప) గింజను అరగదీసి బురదనీళ్లు తేర్చుకుని తాగుతాం. ముష్టి (ముసిడి) గింజలో స్ట్రిక్నిన్, బ్రూసిన్ అనే విషాలుంటాయి. తేర్చే కుండలోకి పొరపాటున ముష్టిగింజ వెళితే ఆ నీళ్లు విషమే.

చిక్కెక్కడంటే, ఈ రెండూ ఒకే ప్రజాతి (స్ట్రిక్నోస్) చెట్లు, దగ్గరి చుట్టాలు. ఆకు ఇంటిపేరు వరకే చెబుతుంది. రెండింటికీ ఆకులు కొమ్మకు ఎదురెదురుగా జతలుగా వస్తాయి. రెండింటికీ ఆకు మొదట్లోనే మూడు నుంచి ఐదు ఈనెలు విడిపోయి, వంపు తిరిగి కొనవైపు సాగుతాయి. "ఐదీనెల ఆకు కాబట్టి చిల్లే" అని తేల్చేయడం ఇక్కడ జరిగే మొదటి తప్పు. పరిమాణం కొంత సాయపడుతుంది. ముష్టి ఆకు వెడల్పుగా, దళసరిగా, నిగనిగలాడుతూ 7 నుంచి 15 సెంటీమీటర్ల పొడవుంటుంది, కాడ కనిపిస్తుంది. చిల్ల ఆకు అంతకంటే చిన్నది, కాడ దాదాపు లేనట్టే కొమ్మకు అంటుకుని ఉంటుంది. అయినా లేత మొక్కల దగ్గర, నరికాక వచ్చిన చిగుళ్ల దగ్గర ఈ కొలతలు తప్పుతాయి, వాటిని నమ్మొద్దు. బెరడు కూడా చూడండి: ముష్టిది బూడిదరంగులో పలచగా, నునుపుగా ఉంటుంది. చిల్లది నల్లగా పగుళ్లు తేలి ఉంటుంది.

పూత వేసవి మొదట్లో వస్తుంది. ముష్టికి ఆకుపచ్చ కలిసిన తెల్లటి చిన్న గొట్టం పూలు రెమ్మల చివర గుత్తులుగా పూస్తాయి. చిల్లకు తెల్లటి, వాసన గల పూలు ఆకు పంగల్లో, ఆకు రాలిన చోట పొట్టి గుత్తులుగా వస్తాయి. చివరా, పంగా అన్నది దూరం నుంచే తెలుస్తుంది. పూతప్పుడే చెట్టు మొదలుకు రంగు గుడ్డ కట్టి పెట్టుకుంటే ఏరే కాలంలో సగం పని తప్పుతుంది.

అసలు తేడా పండులోనే. ముష్టిపండు 4 నుంచి 7 సెంటీమీటర్ల బంతి, పెంకు గట్టిగా, నునుపుగా ఉంటుంది, పండితే నారింజరంగు. లోపల తెల్లటి జిగురు గుజ్జులో పలు గింజలుంటాయి. చిల్లపండు 1 నుంచి 2 సెంటీమీటర్లే, పండితే నలుపు, సాధారణంగా ఒకటే గింజ. పచ్చికాయలప్పుడు ముష్టిపిందె, చిల్లకాయ ఒకలాగే ఉంటాయి. అందుకే పచ్చివి కోయొద్దు.

గింజను అరచేతిలో పెట్టుకుని చూడండి. ముష్టిగింజ 2 సెంటీమీటర్లకు పైగా వెడల్పున్న బిళ్ల. ఒకవైపు కాస్త గుంట, బూడిదరంగు, వెలుగులో పట్టులా మెరుస్తుంది. నడుమ నుంచి అంచులకు పరుచుకున్న సన్నని నూగే ఆ మెరుపు. చిల్లగింజ ఒక సెంటీమీటరుకు అటూఇటూ, రెండు వైపులా ఉబ్బి, పసుపు కలిసిన లేతరంగులో ఉంటుంది. అనుమానమొస్తే ఆ గింజను పక్కన పడేయాలి. చేదు ఉందేమోనని నాలుక మీద పెట్టి చూడటం ఎవరూ చేయొద్దు.

పిల్లలకు ఇంకో ప్రమాదముంది. ముష్టిపళ్లు నెలల తరబడి చెట్టు మీదే ఉండి, తునికిపళ్లు తినే వేసవి దాకా కనిపిస్తాయి, పిల్లలు వాటిని తునికిపళ్లే అనుకోవచ్చు. తునికిపండుకు తొడిమ దగ్గర గట్టి రేకుల గిన్నె అతుక్కుని ఉంటుంది, ముష్టికి ఉండదు. తునికి ఆకుకు నడుమ ఒకటే పెద్ద ఈనె. పిట్టలు, కోతులు తింటున్నాయి కదా అన్నది ఎప్పుడూ ఆధారం కాదు. బిళ్లల్లాంటి ముష్టిగింజలు పిల్లలకు ఆటవస్తువులు కూడా అవుతాయి, ఆరబోసిన చోటికి వాళ్లను రానివ్వొద్దు.

ఏరేటప్పుడు రెండు రకాలకూ వేరు సంచులు, వేరు రోజులు. రెండు చెట్లూ పక్కపక్కనే ఉంటే కింద రాలినవి కలిసిపోతాయి, అక్కడ ఏరకపోవడమే మేలు. ముష్టిపండు పగలగొట్టి గుజ్జు కడిగేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి. పని మధ్యలో బీడీ, పాన్ వద్దు. కడిగిన నీళ్లు బావి, చెరువు వైపు పోనీయొద్దు. ఇంటి రోట్లో, మిక్సీలో ముష్టి ఎన్నడూ నూరకూడదు: చెక్కు చెదరని గింజ కంటే పొడి చాలా ప్రమాదం. గింజ బరువులో 1 శాతానికి పైగా స్ట్రిక్నిన్ ఉంటుంది. పెద్దవాళ్లకు 30 నుంచి 120 మిల్లీగ్రాములు ప్రాణాంతకం. అంటే పొడైన రెండు మూడు గింజలు చాలు, చిన్నపిల్లలకు ఒకటే ఎక్కువ. పాలలో ఉడికించి శుద్ధి చేయడం వైద్యశాస్త్రం తెలిసినవాళ్ల పని.

చిల్లగింజతో తేర్చిన నీళ్లలో కూడా బురదే కిందికి దిగుతుంది, సూక్ష్మక్రిములు చావవు. కాచి తాగండి.

ఎవరైనా ముష్టి మింగితే చాలాసార్లు పావుగంట, అరగంటలోనే మెడ, దవడ బిగుస్తాయి, ఒళ్లు విల్లులా వంగి ఈడ్పులొస్తాయి. మనిషికి స్పృహ ఉంటుంది, చప్పుడుకీ తాకిడికీ ఈడ్పు పెరుగుతుంది. వెంటనే 108కి ఫోన్ చేయండి, లక్షణాలు కనబడేదాకా ఆగొద్దు. వాంతి చేయించొద్దు, చింతపండు రసమో పాలో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మసక వెలుతురులో నిశ్శబ్దంగా పక్కకు తిప్పి పడుకోబెట్టండి, చుట్టూ జనం గుమిగూడి పిలవడం ఆపండి. మిగిలిన గింజ, పండు, ఒక ఆకు జత కాగితంలో చుట్టి, ఎన్ని తిన్నారో, ఎప్పుడు తిన్నారో రాసి ఆసుపత్రికి వెంట తీసుకెళ్లండి.